మజ్జి అన్నదమ్ములు కంప్యూటరు కొన్నారు

గొడబవలసలో తెలివి అంటూ ఉంటే అదంతా తమ ఇంట్లోనే ఉందని మజ్జి అన్నదమ్ముల గట్టి నమ్మకం. పెద్దవాడు గౌరునాయుడు, నడిపివాడు పోలినాయుడు, చిన్నవాడు సూర్నాయుడు. ముగ్గురూ కలిసి పెళ్ళి వీడియోలు తీస్తారు, శుభలేఖలూ ఫ్లెక్సీలూ తయారుచేస్తారు. గౌరునాయుడు మాట్లాడతాడు, పోలినాయుడు తల ఊపుతాడు, సూర్నాయుడు కెమెరా మోస్తాడు. ఇలా పని ముగ్గురికీ సమానంగా పంచింది గౌరునాయుడే. అందుకే మిగతా ఇద్దరికీ ఆయన దేవుడు.

"మాం ఎవులేటి సెప్తే అదే సేత్తాం. మద్దిలో సొంత బుర్ర వాడి పని పాడుసెయ్యం," అని గౌరునాయుడు టీ కొట్టు దగ్గర రోజూ మీసం దువ్వుకునేవాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. ఆ బుర్ర కొన్నప్పుడు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది, ఒక్కరోజు కూడా వాడలేదు.

ఒకసారి ఎవరో పెళ్ళికూతురి తండ్రి, "ఎవరినీ వదలకుండా అందరినీ తియ్యండి," అన్నాడు. అంతే. వచ్చినవాళ్ళనీ, వడ్డించినవాళ్ళనీ, ఎంగిలి విస్తళ్ళ దగ్గరి కుక్కల్నీ, పక్కింటికి గ్యాసుబండ తెచ్చినవాణ్ణీ కూడా తీశారు. తాళి కట్టే వేళకి కెమెరా ఆ గ్యాసువాడి వెనకాల వీధి చివర ఉంది. అయినా చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళకి వేరే వీడియోవాళ్ళు లేరు కనుక వీళ్ళకి పెళ్ళిళ్ళు వస్తూనే ఉన్నాయి.

ఇలా రోజులు గడుస్తుండగా ఒక ఉదయం వాళ్ళ పాత కంప్యూటరు వెనకనుంచి పొగ వచ్చింది. పోలినాయుడు అగరబత్తి అనుకుని దండం పెట్టాడు. సూర్నాయుడు కళ్ళు మండుతున్నా కదలకుండా కూర్చున్నాడు, అన్నయ్య లెమ్మనలేదు కదా. చివరికి అది టప్‌మని పేలి నల్లబడిపోయింది.

ఇంకేముంది, కబురు వాళ్ళ అక్క గవరమ్మకి చేరింది. అన్నదమ్ములు ఆమెని 'అప్ప' అంటారు. ఆమె పరుగున వచ్చి గుమ్మంలో కూలబడింది. ఏడవక ఏం చేస్తుంది? ఆమె కూతురు హారిక పెళ్ళి అయి పదిరోజులే అయింది. ఆ పెళ్ళి వీడియో మొత్తం ఆ కాలిన పెట్టెలోనే ఉంది.

"ఓరి నా బాబుల్లారా! మా వియ్యపురాలు తవిటమ్మ సంగతి తెలుసు గదరా. పెళ్ళినాడు పొద్దున్నే బాత్రూంలో జారిపడి కాలిరగ్గొట్టుకుంది. కొడుకు తాళి కడతన్నప్పుడు ఆస్పత్రిలో ఉంది. 'నా ఒక్కగానొక్క కొడుకు పెళ్ళి నాను సూణ్ణేదు' అని ఇప్పటికీ ముద్ద మింగట్లేదంట. మా గుంట హారిక ఆ ఇంట్లో అడుగుపెట్టిందో లేదో అత్త మొహం మాడ్సుకునే ఉంది. పదారు రోజుల పండక్కి వీడియో సూపిత్తానని మాటిచ్చినాను. ఆవిడ మనసు కుదుటపడితే నా కూతురు సుకపడతాది. నేదంటే నా బిడ్డ బతుకు ఏటవుతాదో మీరే సెప్పండి!"

గౌరునాయుడికి గుండె కరిగిపోయింది. మూర్ఖుడే కాని మేనకోడలంటే ప్రాణం. "అప్పా, నువ్వు ఏడవకు. మాం ముగ్గురం ఉన్నాం," అన్నాడు. ఆ మాట విన్నాక గవరమ్మ ఇంకా గట్టిగా ఏడ్చింది.

సెంటర్లో కంప్యూటర్లు బాగుచేసే శేషగిరి వచ్చి పాతదాన్ని విప్పి చూశాడు. లోపల ఓ అరచేతి వెడల్పు పెట్టెని వేలితో తట్టి, "బోర్డు కాలిపోయింది గాని ఈ డిస్కు బాగానే ఉంది. పెళ్ళి దీంట్లో భద్రంగా ఉంది. వేరే కంప్యూటరు కొనుక్కోండి," అన్నాడు. ఎలాంటిది కొనాలో కూడా చెప్పాడు. సూర్నాయుడు మిగిలిపోయిన ఓ శుభలేఖ వెనక పొల్లుపోకుండా రాసుకున్నాడు.

"గ్రాఫిక్సుకీ వీడియోలకీ మామూలుది పనికిరాదు. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి, మెమొరీ దండిగా ఉండాలి. ఎంతసేపు పని చేసినా వేడెక్కకూడదు. స్క్రీను మీద రంగులు అచ్చం అసలు రంగుల్లాగే కనిపించాలి. కొట్టువాడి మాటలు నమ్మి కొనకండి. మీ పని చేయించి, కళ్ళతో చూసి కొనండి. తొందరపడకండి, నాలుగు కొట్లు చూసి మరీ కొనండి."

మాట మంచిదే. ఏం లాభం, విన్నవాళ్ళు వీళ్ళు. మర్నాడు ముగ్గురూ గవరమ్మ దగ్గర హారిక పెళ్ళిచీర అడిగి తీసుకున్నారు. అసలు రంగు తమతో ఉంటేగాని స్క్రీను మీది రంగు అచ్చమో కాదో తెలియదని గౌరునాయుడు వివరించాడు. అరటాకు పచ్చరంగు పట్టుచీర, ఎర్రంచు. దాన్ని సంచిలో పెట్టుకుని విజయనగరం బస్సెక్కారు.

బస్టాండుకి దగ్గర్లోనే పెద్ద కొట్టు. కళ్ళజోడు పెట్టుకున్న యజమాని ఓపికగా అన్నీ చూపించాడు. అన్నీ నచ్చాయి. కాని అది ఒకటో కొట్టు. "నాలుగు సూడాలి," అని గౌరునాయుడు తమ్ముళ్ళని బయటికి లాక్కెళ్ళాడు. రెండోది చూశారు, మూడోది చూశారు. రోడ్డు ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచినా నాలుగో కంప్యూటరు కొట్టు కనిపించలేదు. సూర్నాయుడికి ఏడుపొచ్చింది. ఇక కంప్యూటరు కొనేదెలా?

"ఏడవకురా. నాలుగు కొట్లన్నాడు గాని నాలుగూ కంప్యూటర్లవే అన్నాడేటి?" అన్నాడు గౌరునాయుడు. శుభలేఖ తిప్పి చూశారు. నిజమే, అలా ఎక్కడా రాసిలేదు. అన్నయ్య తెలివికి పోలినాయుడు తల అదే పనిగా ఊపాడు.

అంతే. ఎదురుగా ఉన్న ఎరువుల కొట్లోకి ముగ్గురూ వెళ్ళి వరసగా నిలబడ్డారు. యూరియా బస్తాల్ని చూశారు, పురుగుమందు డబ్బాల్ని చూశారు, త్రాసుని చూశారు.

"ఏం కావాలి బాబూ?" అన్నాడు కొట్టువాడు.

"ఏటొద్దండి. సూడ్డానికొచ్చినాం."

"ఏ పంటకి?"

"హారిక పెళ్ళికండి. అయిపోయినాది, సూసీసినాం," అని గౌరునాయుడు శుభలేఖ మీద టిక్కు పెట్టించి బయటికి నడిచాడు. ఆ కొట్టువాడు వీళ్ళు వీధి మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాడు.

తిరిగి మొదటి కొట్టుకే వచ్చారు. ఇక రంగుల పరీక్ష. యజమాని గోడకి వరసగా ఉన్న స్క్రీన్లు చూపించి, "ఇవన్నీ వీడియో పనికి బావుంటాయండి," అన్నాడు. గౌరునాయుడు చీర విప్పి మొదటి స్క్రీను మీద కప్పాడు. స్క్రీను మీద సముద్రం ఉంది. సముద్రం నీలం, చీర పచ్చ.

"తప్పు సూపిత్తంది. తీసీండి," అన్నాడు.

రెండోదాని మీద మంచుకొండలు. అదీ తప్పే. మూడోదాని మీద వరిచేను ఉంది. ముగ్గురూ వంగి వంగి చూశారు. "పచ్చగా ఉంది గాని జరీ నేదు," అని పోలినాయుడు మొదటిసారి నోరు విప్పి అభిప్రాయం చెప్పాడు. అన్నయ్య వీపు తట్టాడు. ఏడోదాని మీద రామచిలక ఉంది. ఒళ్ళు పచ్చన, ముక్కు ఎర్రన. చీర పక్కన పెట్టి చూస్తే రంగుకి రంగు సరిపోయింది.

"ఇదీ! దీనికి రంగులు తెలుసు. కాని బాబూ, సిలక్కూడా దీంతోనే రావాల. ఇంటికెళ్ళాక సూత్తే సిలక నేకపోతే ఒప్పుకోం."

"వస్తుందండి," అన్నాడు యజమాని. ఇరవయ్యేళ్ళుగా వ్యాపారం చేస్తున్నాడు గాని, ఇలాంటి బేరం ఆయనకీ కొత్తే.

"ఇప్పుడు కంప్యూటర్లు సూపించండి. మా పని సేయించి సూడాలి."

బల్ల మీద ఐదు పెట్టెలు వరసగా పెట్టాడు. "మీ వీడియో ఏదైనా పెన్‌డ్రైవులో తెచ్చారా?" అనడిగాడు. వీడియోలన్నీ కాలిపోయినదాంట్లో ఉండిపోయాయి, వీళ్ళ దగ్గర ఏమీ లేదు. "మరి ఏ పని చేయించి చూస్తారండీ?"

గౌరునాయుడు కళ్ళు మూసుకుని ఆలోచించాడు. తమ పని ఏమిటి? పెళ్ళి. దాంతో ఏం చేయించాలి? పెళ్ళే. ఇంత తేలిక సంగతి చదువుకున్న యజమానికి తట్టలేదేమిటా అని జాలిపడ్డాడు.

ఇంకేముంది! గుబురుమీసాల పోలినాయుడికి పట్టుచీర కట్టేశారు. సూర్నాయుడు పక్కన పీటకి బదులు అట్టపెట్టె మీద కూర్చున్నాడు. గౌరునాయుడు పురోహితుడై, శేషగిరి చెప్పిందే మంత్రంలా రాగం తీశాడు. "గ్రాఫిక్స్ కార్డు మంచిదుండాలీ... మెమొరీ దండిగా ఉండాలీ..." కొట్లో పనిచేసే అమ్మాయి నవ్వాపుకోలేక, పెట్టెల్లో వచ్చే థర్మాకోలు ఉండలు గుప్పెడు తీసి అక్షింతలు వేసింది. ఛార్జరు వైరు తాళి. పోలినాయుడు సిగ్గుపడుతూ తల వంచాడు, సూర్నాయుడు మూడు ముళ్ళు వేశాడు. రోడ్డుమీద పోయేవాళ్ళు కూడా లోపలికి వచ్చి నిలబడ్డారు. వాళ్ళలో ఒక పెద్దాయన అయితే, భోజనాలెక్కడని అడిగాడు.

పెళ్ళి అయ్యాక గౌరునాయుడు వెళ్ళి, జ్వరం చూసినట్టు ఒక్కో పెట్టెకీ చెయ్యి ఆనించి చూశాడు. నాలుగు పెట్టెలు బుర్రుమంటున్నాయి, కాస్త వెచ్చగా ఉన్నాయి. ఐదోది చప్పుడు చెయ్యడం లేదు, కుండలో నీళ్ళలా చల్లగా ఉంది.

"ఇదిరా! ఇంత పెళ్ళి జరిగినా పిసరంత వేడెక్కనేదు!"

"అది ఆన్ చెయ్యలేదండీ," అన్నాడు యజమాని నీరసంగా.

"ఆన్ సెయ్యకుండానే ఇంత బాగా పన్జేత్తంటే, ఆన్ సేత్తే ఇంకెలగుంటాదో! ఇదే కట్టీండి."

యజమాని దాన్నే కట్టించాడు. నిజానికి ఆ కొట్లో వీడియో పనికి అంతకన్నా మంచిది ఇంకొకటి లేదు. ఇలాంటి వెధవాయిలకి అదృష్టం ఎందుకు పడుతుందో ఆ దేవుడికే తెలియాలి. పంపించే ముందు ఆయన ఒక్క ముక్క చెప్పాడు. "గాలి బాగా ఆడేచోట పెట్టండి. దుమ్ము మాత్రం పడనివ్వకండి." చెప్పకుండా ఉంటే సరిపోయేది.

ఊళ్ళో గాలి బాగా ఆడేచోటు వాళ్ళ డాబా. అంతే, కంప్యూటరు డాబా ఎక్కింది. మరి దుమ్ము? ఒకటి చేస్తే రెండోది కుదరడం లేదు. అన్నదమ్ములు చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. చివరికి గౌరునాయుడు పడుకునే దోమతెర తెచ్చి, నాలుగు కర్రలు నిలబెట్టి, దాని చుట్టూ కట్టారు. గాలి ఆడుతోంది, దుమ్ము పడటం లేదు. లోపల కంప్యూటరు పురిటిబిడ్డలా పడుకుని ఉంది. వీధిలోవాళ్ళు మేడ వైపు చూసి, "ఎవులికి బాగులేదు?" అని పరామర్శించి పోయారు.

గౌరునాయుడు శేషగిరికి ఫోన్ చేశాడు. శేషగిరి ఎవరి ఇంట్లోనో పనిలో ఉన్నాడు. "కొన్నారా? మంచిది. పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి మార్చాలి. ఒక్కటి కూడా వదలకూడదు. రేపొస్తాను," అన్నాడు.

రేపటిదాకా ఎందుకు? చేతులున్నాయి, స్క్రూడ్రైవరుంది. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి రెండిటి మూతలూ విప్పారు. శేషగిరి చూపించిన డిస్కుని గౌరునాయుడు మొదట తీసి, పువ్వులా పట్టుకుని కొత్తదాంట్లో పెట్టాడు. అక్కడితో ఆగితే మనుషులే అనుకోవచ్చు. ఒక్కటి కూడా వదలకూడదన్నాడు కదా! కాలిన బోర్డు దూర్చారు. వైర్లు దూర్చారు. రెండు బల్లిగుడ్లు, ఒక ఎండిన బొద్దింక, ఎప్పుడో పోయిన పోలినాయుడి చొక్కా గుండీ దొరికాయి, వాటినీ వేశారు. చివరికి అడుగున పేరుకున్న దుమ్ముని సూర్నాయుడు చేటలోకి దులిపాడు.

"అన్నియ్యా, దుమ్ము పడకూడదని కొట్టాయన సెప్పినాడు గదా?" అన్నాడు అనుమానంగా.

"అది బయటి దుమ్మురా. ఇది మన లోపలి దుమ్ము. ఇన్నేళ్ళు మన పెళ్ళిళ్ళన్నీ సూసింది ఇదే. ఒంపీ!"

సూర్నాయుడు ఒంపేశాడు. మూత పట్టకపోతే పోలినాయుడు దానిమీద కూర్చున్నాడు.

మర్నాడు శేషగిరి వచ్చి మూత తీసి, లోపలికి చూశాడు. తరవాత మాట్లాడాడు. ఆయన మాట్లాడిందంతా ఇక్కడ రాయడానికి వీల్లేదు, పిల్లలు వింటారు. "ఇది ఆన్ చేసుంటే మీ మేనకోడలి పెళ్ళి బూడిదయ్యేదిరా దరిద్రుల్లారా!" అన్నది మాత్రం రాయొచ్చు. వాళ్ళు ఆన్ చెయ్యలేదు. ఆన్ చెయ్యకుండానే పనిచేస్తుందని వాళ్ళ నమ్మకం కదా.

శేషగిరి పూటంతా బ్రష్షుతో దులిపి, తుడిచి, డిస్కు సరిగ్గా తగిలించి, కరెంటు పోయినా ఆగకుండా బేటరీ కూడా పెట్టి, మీట నొక్కాడు. స్క్రీను మీద హారిక కనిపించింది. పక్కన పెళ్ళికొడుకు. భజంత్రీలు ఒక్కసారిగా గట్టిగా మోగాయి, తాళి పడింది. గౌరునాయుడికి కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి. గవరమ్మ తమ్ముడి తల నిమిరి, "మా నాయన పేరు నిలబెట్టినావురా," అంది. ఎవరినైనా నమ్మొచ్చు గాని, పాపం, ఆమె వీళ్ళని నమ్మింది.

ఇక వీడియోని కత్తిరించి, పాటలు కలిపి, చక్కగా తయారుచెయ్యాలి. అందుకేగా ఇంత కంప్యూటరు! సూర్నాయుడు కుర్చీలో కూర్చున్నాడో లేదో తవిటమ్మే ఫోన్ చేసింది.

"నాయనా, నాను ఎలాగూ ఆ పూట రానేకపోయినాను గదా. ఉన్నది ఉన్నట్టు మొత్తం సూపించండి. ఒక్క ముక్క కూడా కొయ్యొద్దు. ఎవులేటి మాటాడుకున్నారో అదంతా నాకు ఇనాలనుంది."

"అలగేనమ్మా. ఒక్క ముక్క కొయ్యం," అన్నాడు గౌరునాయుడు. సూర్నాయుణ్ణి కుర్చీలోంచి లేపేశాడు. ఆ గొప్ప కంప్యూటరుకి ఆ నాలుగు రోజులూ చిలకని చూపించడం తప్ప వేరే పని పడలేదు.

పదహారు రోజుల పండగనాడు గవరమ్మ ఇల్లు బంధువులతో నిండిపోయింది. తవిటమ్మ కాలికి కట్టుతో, చేతికర్రతో వచ్చి, ముందు కుర్చీలో కూర్చుంది. పక్కన కొడుకు, హారిక. కంప్యూటరుని డాబా దించి దోమతెరతోపాటే అక్కడికి మోసుకొచ్చారు. గౌరునాయుడు తెర ఎత్తి, దండం పెట్టి, వీడియో మొదలుపెట్టాడు. ఒక అరగంట అరటిగెలలు దించడమే కనిపించింది. తరవాత పంతులుగారి చెప్పులు. ఎవరూ విసుక్కోలేదు, తవిటమ్మ అంత శ్రద్ధగా చూస్తోంది.

తాళి కట్టే ముక్క వచ్చింది. తవిటమ్మ చేతులెత్తి అక్షింతలు వేసినట్టు గాల్లో విసిరి, భోరుమంది. కోడల్ని దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంది. గవరమ్మ చెయ్యి పట్టుకుని, "వొదినా, నువ్వు నా సొంత సెల్లివే. ఈ గుంటని నా కళ్ళలో పెట్టి సూసుకుంటాను," అంది. గవరమ్మకి ఆ క్షణంలో ఆకాశం అందింది. తమ్ముళ్ళ వైపు చూసిన చూపులో ఎంత గర్వమో!

ఆ వెంటనే వీడియోలో వంటశాల వచ్చింది. గరిట పట్టుకున్న గవరమ్మ వచ్చింది. పక్కన వంటామెతో పకపకా నవ్వుతోంది.

"ఆ పీనుగ కాలిరిగి ఆస్పత్రిలో పడింది గాబట్టి సరిపోయింది గాని, ఇక్కడుంటే పప్పులో ఉప్పు దగ్గర్నుంచి పీటల దాకా గొడవే! దేవుడున్నాడే తల్లీ!"

కుర్చీలో ఉన్న గవరమ్మ మొహం పాలిపోయింది.

"ఆపరా! ఆపీ!"

"అదెలగప్పా? ఒక్క ముక్క కొయ్యొద్దని హారిక అత్తగారు సెప్పినారు గదా."

"కరెంటు పీకీరా నీ మొహం మండా!"

అక్క చెప్పింది కనుక పోలినాయుడు వెంటనే వైరు పీకేశాడు. వీడియో ఆగలేదు. "కరెంటు పోయినా ఆగదప్పా, బేటరీ పెట్టించినాం!" అన్నాడు గౌరునాయుడు సంబరంగా. స్క్రీను మీద గవరమ్మ ఇప్పుడు తవిటమ్మ నడక ఎలా ఉంటుందో గరిటతో చేసి చూపిస్తోంది.

తవిటమ్మ చేతికర్ర ఊతంతో లేచింది. ఏడవలేదు, అరవలేదు. అన్నదమ్ముల వైపు తిరిగి, "బాగా తీసినారు నాయనా. ఇంత సక్కటి మాటలు మా ఒక్కలకే ఎందుకు, ఊరందరికీ సూపించండి!" అంది. కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. కొడుకు ఒక్కసారి వెనక్కి చూశాడు గాని ఆగలేదు. హారిక గుమ్మం దగ్గరే నిలబడి వెక్కుతోంది. గవరమ్మ కుర్చీలోంచి లేవలేకపోయింది.

గౌరునాయుడికి మాత్రం ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళలో బాగా తీశారన్నవాళ్ళు ఒక్కరూ లేరు. అన్నది కూడా ఎవరు? సాక్షాత్తూ మగపెళ్ళివారు. పైగా ఆవిడ చెప్పిన పని ఒకటి మిగిలే ఉంది.

ఇంకేముంది, పొద్దు వాలేసరికి కంప్యూటరు, బేటరీ, స్క్రీను, దోమతెరతో సహా ఆటో ఎక్కి మూడురోడ్ల కూడలికి చేరాయి. ఊరేగింపులకి వాడే పెద్ద స్పీకర్లు అటొకటి ఇటొకటి. టీ కొట్టువాళ్ళు, బస్సు దిగినవాళ్ళు, పక్క ఊరినుంచి పాలకి వచ్చినవాళ్ళు అందరూ మూగారు. 'ఆ పీనుగ కాలిరిగి' అని గవరమ్మ గొంతు చెరువు అవతలిదాకా వినిపించింది.

అంతలో జనాన్ని చీల్చుకుంటూ గవరమ్మే వచ్చింది. జుట్టుముడి ఊడిపోయి ఉంది, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, కుడిచేతిలో చీపురు పైకెత్తి ఉంది. అది చూసి గౌరునాయుడి మనసు నిండిపోయింది. ఎంతైనా తోడబుట్టింది. తమ్ముళ్ళ సినిమాకి జనం మట్టిలో కూర్చుంటున్నారని, ఊడ్చిపెట్టడానికి ఇంటినుంచి చీపురు పట్టుకుని మరీ వచ్చింది!

"జరగండర్రా, మా అప్ప నేల తుడుత్తాది, దారివ్వండి!" అని కేకేశాడు. ఆపైన సూర్నాయుడి వైపు తిరిగి, "ఒరే, అప్ప ముక్క మళ్ళీ మొదట్నించి పెట్టు. పాపం, ఇందాక ఇంట్లో గాబరాలో సరిగ్గా సూణ్ణేదు," అన్నాడు.